ఆ పట్టాను ఎవరు ఒప్పుకుంటారో ముందు అడుగు

అమ్మాయీ,

నువ్వు మళ్ళీ చదువుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నరసరావుపేటలో ఫస్టు క్లాసులో బీకాం పాసయ్యావు. పెళ్ళయి అమెరికా వచ్చి హెచ్4 వీసా మీద ఏళ్ళ తరబడి ఇంటిపట్టునే ఉండిపోయావు. గ్రీన్ కార్డు వచ్చాక హాస్పిటల్ బిల్లింగ్ ఆఫీసులో చేరి, నీకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ కింద పనిచేస్తున్నావు. ఇక్కడి డిగ్రీ ఉన్నవాళ్ళకే సూపర్‌వైజర్ పోస్టని నిన్ను పక్కన పెట్టినప్పుడు నీ కడుపు ఎంత మండిందో నాకు తెలుసు. నలభై దగ్గర పడ్డాక చదువేమిటని ఎవరైనా అంటే వినకు. చదువుకో. ఆ విషయంలో నీ వెనక నేనున్నాను.

నాకు బెంగ పుట్టించింది మాత్రం నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ ఆన్‌లైన్ కాలేజీ కాగితాలు. అది లాభం కోసం నడిచే కాలేజీ. వెనక వాటాదార్లున్న కంపెనీ ఉంది. అంతమాత్రాన అది మోసమని నేననను. కానీ ఆ కాలేజీ అడ్వైజరమ్మ నీకు ఫోన్లో ఏమేం చెప్పిందో విన్నాక, నాకు తెలిసింది నీ చెవిన వెయ్యకుండా ఉండలేకపోతున్నాను.

నేను కమ్యూనిటీ కాలేజీ రికార్డుల ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశానని నీకు తెలుసుగా. వేరే కాలేజీల నుంచి వచ్చేవాళ్ళు తెచ్చిన ట్రాన్స్‌క్రిప్టులు చూసి, ఏ కోర్సుకు మా దగ్గర ఎన్ని క్రెడిట్లు ఇవ్వొచ్చో తేల్చడం నా పని. ఒకసారి ఒకాయన వచ్చాడు. హాస్పిటల్లో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో బ్యాడ్జి ఇంకా వేలాడుతూనే ఉంది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ వరసగా పెట్టుకొచ్చాడు. అరవై దాకా క్రెడిట్లు. మంచి మార్కులు. అన్నీ ఒక లాభాపేక్ష కాలేజీలో చదివినవి. ఒక్కొక్క కోర్సు పేరూ మా క్యాటలాగులో వెతుకుతూ వెళ్ళాను. ఆ కాలేజీకున్న గుర్తింపు మా కాలేజీ ఒప్పుకునే గుర్తింపు కాదు. కోర్సుల వివరం పంపమందామంటే ఆ బ్రాంచి అప్పటికే మూతపడింది. చివరికి ఇంగ్లీషు కాంపోజిషన్‌కు మూడు క్రెడిట్లు ఇప్పించగలిగాను. మిగతా వరసంతా సున్నాలు. ఆయన ఆ కాగితం కేసి చాలాసేపు చూసి, "అయితే మేడమ్, నేను చదివింది చదువు కాదా?" అన్నాడు. చదివాడు తల్లీ. రాత్రిళ్ళు నిద్ర మానుకుని చదివాడు. ఆయన కష్టంలో లోపమేమీ లేదు. లోన్ మాత్రం పూర్తిగా ఆయన పేరు మీదే మిగిలింది.

ఇది ఆయనొక్కడికే జరిగింది కాదు. అమెరికా ప్రభుత్వానికి ఆడిట్ చేసే జీఏఓ 2017లో కాలేజీ మార్పిళ్ళ మీద ఒక నివేదిక ఇచ్చింది. లాభాపేక్ష కాలేజీల నుంచి ప్రభుత్వ కాలేజీలకు మారినవాళ్ళు తమ క్రెడిట్లలో సుమారు 94 శాతం పోగొట్టుకున్నారని అందులో తేలింది. నేను రోజూ నా బల్ల మీద చూసిందే అక్కడ అంకెల్లో కనబడింది.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఆ పట్టాను ఎవరు ఒప్పుకుంటారు? రేపు నువ్వు మాస్టర్స్ చేద్దామనుకుంటే యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ప్రమోషన్ ఇచ్చే హాస్పిటల్ ఒప్పుకోవాలి. పరీక్ష రాయనిచ్చే బోర్డు ఒప్పుకోవాలి. పట్టా ధర కాలేజీ చెప్తుంది. దాని విలువ చెప్పేది వీళ్ళే. ఆ అడ్వైజరమ్మ నీతో ఇన్నిసార్లు మాట్లాడింది కదా, వీళ్ళ ప్రస్తావన ఒక్కసారైనా తెచ్చిందా?

ఆ కాలేజీలు చేసిన మంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఉద్యోగం చేసేవాళ్ళను మనుషులుగా చూశారు వాళ్ళు. కాలిఫోర్నియాలో ప్రొఫెసర్‌గా పనిచేసిన జాన్ స్పెర్లింగ్ 1976లో యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్ పెట్టాడు. ఆ రోజుల్లో మామూలు కాలేజీలు చాలావరకు పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసమే. క్లాసులు పగలు, ఆఫీసు అయిదింటికి బంద్. పనికి పోయి పిల్లల్ని పెంచుకునే ఆడమనిషి ఆ టైముకి ఎలా వెళ్ళగలదు? స్పెర్లింగ్ సాయంత్రం క్లాసులు పెట్టాడు. ఒకసారికి ఒకటే సబ్జెక్టు, అయిదారు వారాల్లో పూర్తి, తర్వాత ఇంకొకటి. ఏడాదిలో ఎప్పుడైనా చేరొచ్చు. జనం ఎగబడ్డారు. 2010 నాటికి అక్కడ చదివేవాళ్ళు దాదాపు 4 లక్షల 70 వేలు. ఆ జనాన్ని ప్రభుత్వ కాలేజీలు అంతకాలం పెద్దగా పట్టించుకోలేదు, అది వాటి తప్పే.

కానీ ఇలాంటి కంపెనీలు స్టాకు మార్కెట్టుకెక్కాక లెక్క వేరు. మూడు నెలలకోసారి అడ్మిషన్లు పెరిగి తీరాలి. సెనేట్‌లో టామ్ హార్కిన్ కమిటీ లాభాపేక్ష కాలేజీలు నడిపే 30 కంపెనీల లెక్కలు తీసి 2012లో బయటపెట్టింది. వచ్చిన ఆదాయంలో ప్రకటనలకూ చేర్పించడానికీ 22 శాతానికి పైగా పోయింది. లాభం 19 శాతం పైన. పాఠం చెప్పడానికి 17 శాతం చిల్లర. ఫీజు కట్టేవాళ్ళు పాఠం కోసం కడుతుంటే, పాఠం కంటే ఎక్కువ డబ్బు ఇంకొకరిని ఒప్పించి చేర్పించడానికి ఖర్చయిందన్న మాట. 2008-09లో చేరినవాళ్ళలో సగానికి పైగా 2010 మధ్యకల్లా పట్టా లేకుండానే మానేశారని కూడా ఆ కమిటీ తేల్చింది. మానేసినవాళ్ళకు లోన్ మాఫీ కాదు.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా తెలుసుకో. ఎక్కువ భాగం ఫెడరల్ ప్రభుత్వం విద్యార్థి పేరున ఇచ్చే గ్రాంట్లూ లోన్లూ. ఆదాయంలో 90 శాతం దాకా అలా రావచ్చు, కనీసం 10 శాతం బయట నుంచి రావాలని చట్టం. సైన్యంలో పనిచేసినవాళ్ళకిచ్చే చదువు డబ్బును చాలాకాలం ఆ 10 శాతంలో వేసుకోనిచ్చారు. అందుకే మాజీ సైనికుల వెంటబడ్డారు. 2021లో చట్టం మార్చి ఆ దారి మూసేశారు. నీతో ఆ అడ్వైజరమ్మ అన్న మాట గుర్తుందా? "మీరు చేతి నుంచి ఏమీ కట్టక్కర్లేదు, అంతా లోన్లో వచ్చేస్తుంది." అంతా లోన్లో వస్తుంది, నిజమే. కాలేజీకి డబ్బు ఆ సెమిస్టర్లోనే ముడుతుంది. నువ్వు మాత్రం పిల్లలు కాలేజీకి వెళ్ళే వయసొచ్చేదాకా కడుతూ ఉంటావు. దివాలా తీసినా సామాన్యంగా వదలని అప్పు అది.

ఇప్పుడు చెప్పేది కాస్త నొప్పిగా ఉంటుంది, అయినా విను. కొరింథియన్ అని ఒక పెద్ద కంపెనీ ఉండేది. ఎవరెస్ట్, హీల్డ్ కాలేజీలు వాళ్ళవే. కాలిఫోర్నియా ప్రభుత్వం 2013లో దాని మీద కేసు వేసినప్పుడు కంపెనీ లోపలి కాగితాలు బయటికొచ్చాయి. ఎలాంటివాళ్ళను చేర్చుకోవాలో వాటిలో రాసుకున్నారు. ఒంటరిగా ఉన్నవాళ్ళు, ఓపిక లేనివాళ్ళు, తమ మీద తమకు గౌరవం తక్కువున్నవాళ్ళు, తమ బాగోగులు పట్టించుకునే మనుషులు పెద్దగా లేనివాళ్ళు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఊరు కాని ఊళ్ళో, అమ్మకు దూరంగా, ఆఫీసులో అవమానపడి ఇంటికొచ్చి అంట్లు తోముకుంటున్న ఆడపిల్లకు ఫోన్ చేసి "నీ పిల్లలకు ఆదర్శం కావాలని లేదా?" అని అడిగితే కళ్ళు చెమర్చవా? నిన్ను అడిగింది కూడా అదే ప్రశ్న కదా. అడిగిన అమ్మాయి చెడ్డది కాకపోవచ్చు, జీతానికి పనిచేస్తోంది. కానీ నీ బాగోగులు పట్టించుకునే మనుషులు నీకున్నారు. ఆవిడ ఫోన్ పెట్టేశాక మాకు ఫోన్ చెయ్యి.

ఆ కంపెనీ 2015 ఏప్రిల్లో ఒక్కసారిగా తలుపులు మూసేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఐటీటీ టెక్ అనే ఇంకో లాభాపేక్ష కాలేజీ కూడా అంతే. సెమిస్టరు మధ్యలో ఉన్నవాళ్ళు వేల మంది. కొరింథియన్‌లో చదివినవాళ్ళ ఫెడరల్ లోన్లను ప్రభుత్వం మాఫీ చేసింది, అది కూడా అందరికీ అని ప్రకటించింది 2022 జూన్‌లో. 5 లక్షల 60 వేల మందికి 580 కోట్ల డాలర్లు. అప్పు పోయింది, ఆ ఏళ్ళు ఎవరు తిరిగిస్తారు? ఇక ఫీనిక్స్ సంగతి. మైక్రోసాఫ్ట్, ట్విట్టర్ లాంటి సంస్థలతో కలిసి తమ విద్యార్థులకు ఉద్యోగావకాశాలు తెస్తున్నట్టు ప్రకటనలిచ్చిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2019లో 19 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో ఎక్కువ భాగం విద్యార్థుల బాకీల రద్దు. ఆ యూనివర్సిటీకి ఇప్పటికీ మంచి గుర్తింపే ఉంది. అందుకని "మాకు గుర్తింపు ఉంది" అన్న ఒక్క మాటతో తృప్తిపడకు.

ఉద్యోగాలిచ్చేవాళ్ళు ఎలా చూస్తారో కొందరు ఆర్థికవేత్తలు పరీక్షించి చూశారు. హార్వర్డ్ ప్రొఫెసర్లు డేవిడ్ డెమింగ్, క్లాడియా గోల్డిన్ వాళ్ళలో ఉన్నారు. గోల్డిన్‌కు తర్వాత నోబెల్ కూడా వచ్చింది. వాళ్ళు కల్పిత రెజ్యూమెలు తయారుచేసి నిజం ఉద్యోగాలకు పంపారు. 2016లో అచ్చయిన ఫలితం ఇది: ఆన్‌లైన్ లాభాపేక్ష కాలేజీలో బిజినెస్ డిగ్రీ చేసినట్టున్న రెజ్యూమెకు, సులువుగా సీటిచ్చే మామూలు ప్రభుత్వ కాలేజీ డిగ్రీ ఉన్న రెజ్యూమె కంటే 22 శాతం తక్కువగా ఫోన్లు వచ్చాయి. గొప్ప యూనివర్సిటీతో పోల్చి చెప్పడం లేదు, మన ఊరి డిగ్రీ కాలేజీ లాంటి దానితో పోలిక. ఆరోగ్య రంగంలో ఇంకో విషయం తేలింది. బయటివాళ్ళు పెట్టే లైసెన్సు లాంటిది తప్పనిసరైన ఉద్యోగాల్లో ఈ తేడా పెద్దగా కనబడలేదు. లైసెన్సు ఉంటే మనిషి సత్తా దాంట్లోనే తెలుస్తుంది. అది లేనిచోట కాలేజీ పేరే చూస్తారు.

నీకు పనికొచ్చేది ఈ చివరి సంగతే. నువ్వున్నది మెడికల్ బిల్లింగులో. కోడింగులో సీపీసీ అని ఏఏపీసీ వాళ్ళ సర్టిఫికేట్ ఉంది, దానికి డిగ్రీతో పనిలేదు, పరీక్ష పాసవ్వాలి. రికార్డుల వైపు వెళ్ళాలంటే ఆర్‌హెచ్ఐటీ. ఆ పరీక్షకు కూర్చోవాలంటే మామూలుగా కాహిమ్ అనే సంస్థ గుర్తింపున్న అసోసియేట్ కోర్సు చేసి ఉండాలి. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఆ కోర్సు ఉంది, ఆన్‌లైన్లో కూడా. నీకు వాళ్ళు అంటగడుతున్న హెల్త్‌కేర్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీకి ఈ రెండింటిలో దేనితో సంబంధముందో అడుగు. మీ హాస్పిటల్ వెబ్‌సైట్లో సూపర్‌వైజర్ పోస్టు ప్రకటన తెరిచి, అందులో ఏ అర్హత రాశారో చూడు. "డిగ్రీ" అని మాత్రమే ఉందా, "సర్టిఫికేషన్ ఉన్నవారికి ప్రాధాన్యం" అని ఉందా? ఆ పోస్టులో ఇప్పుడు కూర్చున్న మనిషి ఏం చదివిందో లింక్డిన్లో కనబడుతుంది. పది నిమిషాల పని.

ఇంకో మాట. అసలు నీకు ఇంకో బ్యాచిలర్స్ అవసరమో కాదో కూడా ఎవరూ చూడలేదు! నీ బీకాం మార్కుల లిస్టులు, ప్రొవిజనల్, కాన్వొకేషన్ పట్టా మీ అమ్మ దగ్గర బీరువాలో ఉన్నాయి. వాటిని, నేసెస్ అనే మూల్యాంకన సంస్థల సంఘంలో సభ్యత్వమున్న సంస్థ చేత, అంటే డబ్ల్యూఈఎస్ లాంటి వాళ్ళ చేత, మూల్యాంకనం చేయించు. మన మూడేళ్ళ డిగ్రీని కొందరు ఇక్కడి బ్యాచిలర్స్‌కు సమానమంటారు, కొందరు మూడేళ్ళ కాలేజీ చదువుగా లెక్కిస్తారు. యూనివర్సిటీని బట్టి, సంస్థను బట్టి ఉంటుంది. సమానమంటే నువ్వు నేరుగా మాస్టర్స్‌కే వెళ్ళొచ్చు. మూడేళ్ళన్నా సరే, నీకు మిగిలేది ఏడాది చదువే కావచ్చు. ఆ అడ్వైజరమ్మ నిన్ను మొదటి సంవత్సరం నుంచి చదవమంటోంది. నీ ఇండియా డిగ్రీ గురించి ప్రభుత్వ సాయం ఫారంలో రాయక్కర్లేదని అందట! అలా చెప్పేవాళ్ళను ఒక్క క్షణం కూడా నమ్మకు. డిగ్రీ ఉన్నవాళ్ళకు సామాన్యంగా పెల్ గ్రాంట్ అనే ఫెడరల్ సాయం రాదు, దాని కోసం దాచమంటున్నారు. ప్రభుత్వానికి తప్పు రాసిచ్చినది నువ్వవుతావు, ఆవిడ కాదు.

మీ హాస్పిటల్లో హెచ్ఆర్‌ను ట్యూషన్ సాయం ఉందేమో అడుగు. యజమాని ఏడాదికి 5,250 డాలర్ల దాకా చదువుకిస్తే దాని మీద నీకు టాక్సు పడదు. కమ్యూనిటీ కాలేజీలో పార్ట్ టైమ్ చదువుకు చాలాచోట్ల అది సరిపోతుంది. ఇంట్లో కూర్చునే చదవాలంటే ఇప్పుడు లాభాపేక్ష లేని దారులు ఎన్నో ఉన్నాయి. పడమటి రాష్ట్రాల గవర్నర్లు కలిసి 1997లో పెట్టిన వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ పూర్తిగా ఆన్‌లైన్. ఆరు నెలలకు ఒకే ఫీజు, తెలిసిన సబ్జెక్టులు గబగబా ముగించుకోవచ్చు. చాలా రాష్ట్ర యూనివర్సిటీలు కూడా ఇప్పుడు ఉద్యోగస్తుల కోసం ఆన్‌లైన్ డిగ్రీలు పెట్టాయి. వాటిలోనూ ఒక జాగ్రత్త. కొన్ని పెద్ద పేర్ల వెనక ఫోన్లు చేసేది, కోర్సు నడిపేది బయటి కంపెనీ. ఫీజులో సగం దాకా వాళ్ళకే పోతుంది. ఎవరు ఫోన్ చేసినా "మీ జీతం ఇచ్చేది యూనివర్సిటీయా, ఇంకొకరా?" అని అడగడానికి మొహమాటపడకు. ఏ కాలేజీ అయినా కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో చూడొచ్చు. ఎంతమంది పూర్తిచేశారు, ఎంత అప్పు మిగిలింది, తర్వాత ఎంత సంపాదిస్తున్నారు, అన్నీ ఉంటాయి.

లాభాపేక్ష కాలేజీలో చదివి బాగుపడినవాళ్ళు లేరనను. మా వీధిలో ఒక పోలీసాయన ఉన్నాడు. వాళ్ళ డిపార్టుమెంటులో గుర్తింపున్న ఏ డిగ్రీ అయినా సార్జెంటు పోస్టుకు చెల్లుతుంది. ఫీజులో పెద్ద భాగం డిపార్టుమెంటే కట్టింది. ఆయన షిఫ్టులు వారం వారం మారుతుంటాయి, వేరే ఏ కాలేజీ కుదరలేదు. చేరాడు, పూర్తిచేశాడు, పోస్టు వచ్చింది. ఆయన చేరకముందే ఆ పట్టాను ఒప్పుకునేది ఎవరో, డబ్బు కట్టేది ఎవరో రెండూ తేల్చుకున్నాడు. నువ్వూ ఆ రెండూ తేల్చుకుని, అప్పుడు కూడా అదే కాలేజీ కావాలంటే నేను అడ్డు చెప్పను, ఫీజులో నా వంతు నేనూ వేస్తాను.

మీ తమ్ముడికి కూడా ఒక మాట చెప్పు. టెక్సాస్‌లో వాడికి చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ గడువు అయిపోవస్తోంది కదా, పని అనుమతి మొదటి రోజు నుంచే ఇస్తామనే కాలేజీలో ఇంకో మాస్టర్స్ చేరతానంటున్నాడట. అది లాభాపేక్ష కాలేజీ ఏమో చూసుకోమను. హెచ్1బీ వీసాల్లో అమెరికా మాస్టర్స్ వాళ్ళకని విడిగా ఉన్న 20 వేల కోటాకు లాభాపేక్ష కాలేజీ డిగ్రీ చెల్లదు. ప్రభుత్వ కాలేజీ గానీ, లాభాపేక్ష లేని కాలేజీ గానీ అయి, గుర్తింపు ఉండాలి. ఇది చట్టంలోనే ఉంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసమని అధికారులు దాడి చేసినప్పుడు మన పిల్లలు కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. అక్కడ చేరినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. దాన్ని నడిపినావిడకు 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. ఆ పిల్లల్లో చాలామంది చదువులు మాత్రం మధ్యలోనే ఆగిపోయాయి. వాడు పెద్దవాళ్ళ మాట వినడు, అక్క మాట వింటాడు.

శుక్రవారంలోపు సంతకం పెడితే ఫీజులో తగ్గింపు ఇస్తామన్నారట. పెట్టకు. నీ ట్రాన్స్‌క్రిప్టును రేపు మీ రాష్ట్ర యూనివర్సిటీ ఒప్పుకుంటుందా అని ఆ ఆన్‌లైన్ కాలేజీకీ, ఆ యూనివర్సిటీకీ ఈమెయిల్ రాయి, ఫోన్లో చెప్పే జవాబు వద్దు, రాతలో రప్పించు. అమ్మను నీ మార్కుల లిస్టులు స్కాన్ చేయించి పంపమన్నాను. అవి రాగానే నాకు పెట్టు. మూల్యాంకనం ఫారం నేనే నింపిస్తాను, నాకు ఆ పని చేతనవును.

నీ పెద్దమ్మ